సెకండ్‌హ్యాండ్ పైప్ ఆర్గన్: చరిత్ర ఎలా కనుక్కోవాలి, సికింద్రాబాద్‌కి తెచ్చుకోవచ్చా?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు చెప్తాను. ఇంగ్లండ్‌లో మీ బాబాయిగారి ఊళ్ళో ఒక కథోలిక గుడి మూతపడుతోంది. అందులోని పైప్ ఆర్గన్‌ను ఇంకో గుడికి తీసుకెళ్తామంటే ఊరికే ఇస్తామంటున్నారు. విప్పించుకోవడం, తెచ్చుకోవడం, బిగించుకోవడం మన ఖర్చు. రెండు కీబోర్డులు, కాళ్ళతో వాయించే పెడల్ బోర్డు, 10 స్టాపులు (స్టాపు అంటే ఒక్కో రకం నాదమిచ్చే పైపుల వరస). కీబోర్డు పైన ఇత్తడి పలక మీద 1884 అని ఉంది. గుడి పునాది రాయి మీద మాత్రం 1934 ఉంది. అంటే వాళ్ళు కూడా దాన్ని సెకండ్‌హ్యాండ్‌లోనే కొన్నారు. దాని అసలు చరిత్ర ఎలా తెలుసుకోవాలి, మీ విచారణకి (పారిష్‌కి) తేవడం తెలివైన పనేనా అని అడిగారు.

నేను ఇంగ్లండ్‌లో ఆర్గన్ వర్క్‌షాపులో చాలా ఏళ్ళు పనిచేసి వచ్చినవాణ్ణి. ఇప్పుడు సికింద్రాబాద్‌లో పియానోలు, పాత రీడ్ ఆర్గన్లు బాగు చేస్తుంటాను. నా మాట ఏమిటంటే, మీ రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్క చోటే ఉంది. 1884 నుంచి ఇప్పటిదాకా దాని మీద ఎవరెవరు చెయ్యి వేశారో తెలిస్తే, అది మన ఎండకి తట్టుకుంటుందో లేదో సగానికి పైగా తెలిసినట్టే. మనం రీసేల్ ఫ్లాట్ కొనేటప్పుడు లింక్ డాక్యుమెంట్లు అడుగుతామా లేదా? ఇదీ అంతే. అవి చూడకుండా విచారణ గురువుల చేత సంతకం పెట్టించకండి.

సెకండ్‌హ్యాండ్ అనగానే కొందరు పెద్దలు ముఖం చిట్లిస్తారు. ఆ చిన్నచూపు అక్కర్లేదు. ఇంగ్లండ్‌లో 1829 దాకా కథోలికుల మీద చట్టపరమైన ఆంక్షలు చాలా ఉండేవి. అవి తొలిగాక, 1840ల కరువులో ఐర్లండ్ నుంచి వచ్చిన కూలి జనం తోడయ్యాక, గుళ్ళు గబగబా లేచాయి. కట్టడానికే చందాలు చాలని చోట కొత్త ఆర్గన్ ఎక్కడ కొంటారు? పక్క వీధిలో ప్రొటెస్టెంట్ చాపెల్ వాళ్ళు పెద్దది కొనుక్కుంటే, వాళ్ళు తీసేసిన చిన్నది వీళ్ళ గుడికి వచ్చేది. జమీందార్ల బంగళాల్లోంచి వచ్చినవీ ఉన్నాయి.

యూరప్‌లో ఇంకో రకంగా జరిగింది. 1803 ప్రాంతంలో జర్మన్ రాజ్యాలు మఠాలను రద్దు చేసి ఆస్తులు స్వాధీనం చేసుకున్నప్పుడు ఆర్గన్లు కూడా చేతులు మారాయి. బ్లాక్ ఫారెస్ట్‌లోని సాంక్ట్ బ్లాజియన్ మఠానికి యోహాన్ ఆండ్రియాస్ జిల్బర్‌మాన్ 1775లో పూర్తి చేసిన గొప్ప ఆర్గన్ అలాగే కార్ల్స్‌రూహెలోని సెయింట్ స్టీఫెన్ కథోలిక గుడికి వెళ్ళింది. రెండో ప్రపంచ యుద్ధంలో అక్కడే నాశనమైంది.

మన కాలానికి దగ్గర ఉదాహరణ కాలిఫోర్నియాలో ఉంది. 1962లో న్యూయార్క్ లింకన్ సెంటర్‌లోని ఫిల్హార్మోనిక్ హాల్ కోసం ఈయోలియన్-స్కిన్నర్ కంపెనీ ఒక ఆర్గన్ చేసింది. 1976లో ఆ హాల్‌ను శబ్దం బాగుండడం కోసం లోపలంతా మార్చి కట్టారు, ఆర్గన్‌ను బయట పెట్టేశారు. దాన్ని గార్డెన్ గ్రోవ్‌లోని క్రిస్టల్ కెథడ్రల్ అనే ప్రొటెస్టెంట్ చర్చి కొంది. ఇటలీలోని పాదువాకు చెందిన రుఫాత్తి కంపెనీ ఆ పైపులకు కొత్తవి కలిపి 1982 నాటికి ఒక మహా ఆర్గన్‌గా మార్చింది. మొత్తం పైపులు 16 వేల పైమాటే. తర్వాత ఆ చర్చి దివాలా తీసింది. ఆరెంజ్ కథోలిక మేత్రాసనం (డయోసిస్) 5.75 కోట్ల డాలర్లకు ఆ ప్రాంగణమంతా కొనుక్కుంది. కథ అక్కడితో అయిపోలేదు. అద్దాల భవనం కదా, లోపలి వేడికి లోహపు పైపులు దెబ్బతిన్నాయి, చెదలు కూడా పట్టాయి. విప్పి, ఓడలో పాదువాకు పంపి, బాగు చేయించి, మళ్ళీ తెచ్చి బిగిస్తే 2022లో గానీ పూజల్లో మోగలేదు. ఎండ, చెదలు అన్న మాటలు గుర్తుంచుకోండి, వాటి దగ్గరికి మళ్ళీ వస్తాను.

ఇక పలక మీది 1884 సంగతి. పలక నాలుగు స్క్రూల పని. ఒకదాని మీంచి తీసి ఇంకోదానికి బిగించడానికి పావుగంట చాలు. చాలాసార్లు మోసం ఉద్దేశం కూడా ఉండదు, బాగు చేసిన కంపెనీ తన పలక పెట్టుకుంటుంది, లేదా పాత పేరు మీద గౌరవంతో దాన్నే ఉంచేస్తారు. ఆర్గన్ల చుట్టూ కథలు కూడా బాగా పేరుకుంటాయి. ట్యూక్స్‌బరీ అబ్బీలోని 'మిల్టన్ ఆర్గన్' చూడండి. అసలు 1631లో ఆక్స్‌ఫర్డ్‌లోని మాడ్లిన్ కాలేజీ కోసం రాబర్ట్ డాలమ్ చేసింది. 1654లో, రాజరికం పోయాక ఇంగ్లండ్‌ను పాలిస్తున్న క్రామ్‌వెల్ దాన్ని హాంప్టన్ కోర్టు ప్యాలెస్‌కు తెప్పించుకున్నాడు. రాజరికం తిరిగొచ్చాక మళ్ళీ కాలేజీకి, 1737లో ట్యూక్స్‌బరీకి. క్రామ్‌వెల్ దగ్గర కార్యదర్శిగా ఉన్న కవి మిల్టన్ దాన్ని వాయించి ఉంటాడని జనం అనుకోవడం వల్ల ఆ పేరు స్థిరపడింది. వాయించాడనడానికి రుజువు లేదు, పేరు మాత్రం పోలేదు. అన్నట్టు ఆ డాలమ్ కుటుంబం కథోలికులే. ఇంగ్లండ్‌లో అంతర్యుద్ధం వచ్చి ప్యూరిటన్లు (గుడిలో ఆడంబరం వద్దనే ప్రొటెస్టెంట్లు) ఆర్గన్లు పగలగొడుతున్న రోజుల్లో రాబర్ట్ ఫ్రాన్స్‌లోని బ్రిటనీకి పారిపోయి అక్కడి గుళ్ళకు ఆర్గన్లు చేశాడు.

అందుకని పలకను కాసేపు మర్చిపోయి, మీ బాబాయిగారిని టార్చ్, ఫోన్ కెమెరా పట్టుకుని ఆర్గన్ లోపలికి వెళ్ళమనండి. పక్క ప్యానెల్ సాధారణంగా ఊడి వస్తుంది. పైపులు మాత్రం ముట్టుకోవద్దు. సీసం ఎక్కువున్న పైపు వేలితో గట్టిగా నొక్కితేనే సొట్ట పడుతుంది. చూడాల్సింది పైపు మీద, కింది భాగంలో మూతికి (గాలి బయటికొచ్చే చీలికకి) కాస్త పైన గానీ, దాని కిందుండే కాలి మీద గానీ, సూదితో గీసిన అక్షరాలు. స్వరం పేరు, దాంతోపాటు ఏ స్టాపుదో పొట్టి పేరు ఉంటాయి. ఒక వర్క్‌షాపులో ఒకే చెయ్యి గీసినవైతే అక్షరాల తీరు మొదటి పైపు నుంచి చివరి పైపు దాకా ఒకేలా ఉంటుంది. మూడు నాలుగు రకాల చేతిరాతలు కనిపించాయా, అది వేర్వేరు ఆర్గన్ల ముక్కలతో కూర్చినది అయ్యుండొచ్చు. ఎఫ్ అని గీసిన పైపు ఎఫ్ షార్ప్ స్థానంలో నిలబడి ఉంటే, ఆ వరసంతా పక్కకి జరిపారన్నమాట. పాత స్టాపు తెచ్చి కొత్తచోట ఇరికించినప్పుడో, శ్రుతి మార్చినప్పుడో అలా చేస్తారు.

శ్రుతి మాట వచ్చింది కాబట్టి పైపుల పైకొసలు కూడా ఫోటో తీయమనండి. 1884 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో కచేరీ శ్రుతి చాలా ఎక్కువ, ఏ అనే స్వరం అంటే సెకనుకు దాదాపు 452 కంపనాలు. 1896 ప్రాంతంలో దాన్ని 439కి దించారు, ఇప్పటి అంతర్జాతీయ ప్రమాణం 440. తేడా అరస్వరంలో సగం. ఎక్కువ శ్రుతిలో ఉన్న ఆర్గన్‌ను దించాలంటే పైపు పొడవు పెరగాలి, అందుకని పైకొసకి రేకు తొడుగులు వేస్తారు. తొడుగు లేకుండా కొస కొద్దిగా లోపలికో బయటికో ఒత్తినట్టు ఉంటే అది పాత పద్ధతి శ్రుతి చేయడం, పైపును పెద్దగా కదిలించలేదని గుర్తు. ఈ ఒక్క వివరంతో పైపుల మీద ఎంత పని జరిగిందో ఒక అంచనాకు రావచ్చు.

తర్వాత గాలిపెట్టె. పైపులన్నీ నిలబడే ఆ చెక్కపెట్టె ముందు పలక తెరిస్తే లోపల తోలు అతికించిన కవాటాలు వరసగా ఉంటాయి. అతుకుల మీద గాలి కారకుండా కాగితం అంటిస్తారు. పాత పనివాళ్ళు కొత్త కాగితం ఎందుకు కొంటారు, లెక్కల పుస్తకం చింపిన పేజీలో, న్యూస్ పేపర్ ముక్కలో అంటించేస్తారు. ఆ ముక్క మీద తేదీ దొరికితే పలకకన్నా గట్టి సాక్ష్యం. బాగు చేయడానికి వచ్చినవాళ్ళు పెన్సిల్‌తో పేరు, సంవత్సరం, ఒక్కోసారి ఆరోజు చలి ఎంత ఉందో కూడా రాసి పోతారు. అలాంటి రాత కోసం నేనైతే తిత్తుల అడుగు భాగం, కీబోర్డు చివరి మీటల పక్కలు మొదట చూస్తాను.

బయటి చెక్కపని కూడా చూడాలి. కింద కోసి పొట్టి చేసిన స్తంభాలు, పూడ్చేసిన రంధ్రాలు, ఒక వైపు ప్యానెల్ రంగు వేరు. ఇవన్నీ వేరే గుడి కొలతలకు చేసినదాన్ని ఇక్కడ సర్దారని చెప్తాయి. ఆ కాలపు ఇంగ్లిష్ ఆర్గన్‌కి కీబోర్డులో 56 మీటలు మామూలు. 61 ఉంటే తర్వాత మార్చినట్టే.

ఇంత చూశాక కాగితాల వేట. బ్రిటన్‌లో 1976లో మొదలైన బ్రిటిష్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్గన్ స్టడీస్ అనే సంస్థ ఉంది, వాళ్ళు మొదలుపెట్టిన నేషనల్ పైప్ ఆర్గన్ రిజిస్టర్‌లో వేల ఆర్గన్ల సర్వేలు ఆన్‌లైన్‌లో చూడొచ్చు. ఊరి పేరుతో వెతికి, స్టాపుల జాబితాను మీ దాంతో పోల్చండి. ఒక చిట్కా చెప్తాను. మీ గుడి పేరుతో మాత్రమే వెతికి ఆగిపోకండి. ఆ చుట్టుపక్కల 1930-34 మధ్య మూతపడిన, లేదా కొత్త ఆర్గన్ కొనుక్కున్న చాపెళ్ళ పేర్లతో కూడా వెతకండి. సరుకు దూరం నుంచి అరుదుగా వచ్చేది, లారీ బాడుగ అప్పుడూ బరువే. గుడి వార్షికోత్సవ పుస్తకాలు, స్థానిక పత్రికల పాత సంచికలు కూడా పనికొస్తాయి, ఎందుకంటే ఆర్గన్ ప్రారంభోత్సవం అంటే అప్పట్లో వార్త. రేపు ఎవరైనా అమెరికా నుంచి ఇస్తామంటే అక్కడ 1956లో పుట్టిన ఆర్గన్ హిస్టారికల్ సొసైటీకి ఇలాంటి డేటాబేసే ఉంది. అక్కణ్ణుంచి సముద్రాలు దాటినవీ ఉన్నాయి. బోస్టన్ దగ్గర వోబర్న్‌లో ఒక యూనిటేరియన్ చర్చికి 1870లో హుక్ కంపెనీ చేసిన ఆర్గన్ ఇప్పుడు బెర్లిన్‌లో ఒక ప్రొటెస్టెంట్ చర్చిలో మోగుతోంది.

ఇప్పుడు అసలు విషయం. 1934లో దాన్ని కొత్త గుడికి మార్చినప్పుడు ఏం చేశారు? మీటకీ కవాటానికీ మధ్య సన్నని చెక్క పట్టీలతో నేరుగా లింకు ఉండే పాత మెకానికల్ పద్ధతిని అలాగే ఉంచారా, లేక ఆ రోజుల ఫ్యాషన్ ప్రకారం గాలి గొట్టాలు, విద్యుత్ అయస్కాంతాల పద్ధతికి మార్చారా? మార్చి ఉంటే లోపల వందలకొద్దీ చిన్న చిన్న తోలు సంచులు ఉంటాయి. వాటి ఆయువు అటూఇటుగా 30 నుంచి 50 ఏళ్ళు. మన వేడికి ఇంకా తగ్గుతుంది. ఒక్కొక్కటీ విప్పి, పల్చటి గొర్రెతోలు అంటించే పని ఇక్కడ చేసేవాళ్ళు దొరకరు. అలాంటిదైతే ఊరికే ఇచ్చినా వద్దనండి. మెకానికల్‌గానే మిగిలి ఉంటే నాకు ఆశ ఉంది. కర్ర, తీగ, తోలు, మేకు, అన్నీ కంటికి కనిపించే పని. హార్మోనియం బాగు చేసే చెయ్యి ఉన్న కుర్రాడికి నేర్పొచ్చు.

ఎండ సంగతి లెక్కతో చెప్తాను. వేడెక్కిన గాలిలో శబ్ద వేగం పెరుగుతుంది కాబట్టి పైపు శ్రుతి డిగ్రీకి దాదాపు 3 సెంట్లు (సెంటు అంటే అరస్వరంలో నూరో వంతు) పైకి పోతుంది. 20 డిగ్రీల దగ్గర 440కి శ్రుతి చేసిన పైపు 35 డిగ్రీల్లో 451 పలుకుతుంది. మే నెలలో మన గుళ్ళలో పైన క్వయర్ గ్యాలరీ 35 దాటడం మామూలే. అంటే విక్టోరియా రాణి కాలపు శ్రుతి మీకు ఉచితంగా వచ్చేస్తుంది! నవ్వులాట పక్కన పెడితే, అప్పుడు ఎలక్ట్రానిక్ కీబోర్డు, ఆర్గన్ కలిపి వాయించడం కుదరదు. పైగా ఆర్గన్‌లోనే ఇత్తడి నాలుకలున్న రీడ్ పైపులు అంతగా కదలవు, మిగతావి కదులుతాయి, రెండూ కలిపి తీస్తే చెవులు మూసుకోవాలి. పరిష్కారం ఉంది. మన దగ్గర 28-30 డిగ్రీల్లో శ్రుతి చేసి, రీడ్ స్టాపు ఒక్కటే ఉంటే దాన్ని పండగ ముందు సరిచేసుకోవడం. ఏసీ పెట్టిస్తామని ఎవరో అంటారు. ఆదివారం రెండు గంటలు ఏసీ వేసి వారమంతా ఆపేయడం అసలు ఏసీ లేకపోవడంకన్నా చెడ్డది, చెక్క రోజూ మెల్లగా మారే వేడిని ఓర్చుకుంటుంది గానీ గంటలో మారే తేమని ఓర్చుకోదు.

ఏప్రిల్‌లో గాలి పొడిబారినప్పుడు గాలిపెట్టె పలక చీలి ఒక స్వరం గాలి పక్క స్వరంలోకి కారుతుంది. ఆగస్టులో స్టాపు పట్టీలు, మీటలు ఉబ్బి బిగుసుకుంటాయి, నొక్కిన మీట వదిలినా స్వరం ఆగకుండా మోగుతూనే ఉంటుంది. దాన్ని సైఫర్ అంటారు. పూజ మధ్యలో అది వస్తే వాయించేవాడి టెన్షన్ చూడాలి. చెదలు, ఎలుకలు, పావురాలు, గబ్బిలాల గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. ఆర్గన్‌ను గోడకి ఆనించకుండా, ఇనుప కాళ్ళ మీద, చుట్టూ మనిషి తిరిగేంత ఖాళీతో పెట్టాలి. కిటికీలకు సన్న జాలీ కచ్చితం.

ఇంగ్లండ్ సరుకు కావడంలో ఒక సుఖం ఉంది. గాలి ఊదే మోటారుకు అక్కడా ఇక్కడా 50 హెర్ట్జ్ కరెంటే. అమెరికా మోటారు 60 హెర్ట్జ్‌ది. ఇక్కడ అది ఆరింట ఐదు వంతుల వేగంతోనే తిరుగుతుంది, గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి తగ్గుతుంది కాబట్టి సుమారు 70 శాతానికి పడిపోతుంది. పైపులు నీరసంగా పలుకుతాయి. మోటారు కాలిపోయినా కంగారు లేదు, రాణిగంజ్‌లో దానికి సరిపడేది చూసి పెట్టించొచ్చు.

దంతం గురించి మాత్రం జాగ్రత్త. 1884 కీబోర్డు అంటే తెల్ల మీటల మీద ఏనుగు దంతం ఉండే అవకాశం ఎక్కువ. మన వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1991లో చేసిన సవరణతో దిగుమతైన దంతం వ్యాపారం కూడా నిషేధంలోకి వచ్చింది, బ్రిటన్‌లోనూ 2018 ఐవరీ చట్టం ఉంది. అక్కడే ఊడదీయించి ప్లాస్టిక్ తొడుగులు వేయించాకే పెట్టెలో పెట్టండి. లేకపోతే సనత్‌నగర్ కంటైనర్ డిపోలో మొత్తం సరుకు ఆగిపోతుంది. కస్టమ్స్ పని తెలిసిన ఏజెంటుతో ముందే మాట్లాడుకోండి. ఇచ్చే మేత్రాసనం నుంచి రాతపూర్వక అనుమతి కూడా ఉండాలి, అక్కడి ఫాదర్ మాట ఒక్కటే చాలదు.

మీ ప్రశ్న కింద ఇంకొకాయన 'మా గుడిలో కూడా పాత పైప్ ఆర్గన్ ఉంది, కాళ్ళతో తొక్కుతాం' అని రాశారు. అది రీడ్ ఆర్గన్ అయ్యుంటుంది. సురభి నాటకాల్లో లెగ్ హార్మోనియం ఉంటుంది కదా, దాని పెద్దన్న. పైన వరసగా పైపులు కనిపిస్తున్నా నమ్మకండి, కొన్ని అమెరికన్ రీడ్ ఆర్గన్లకు అలంకారం కోసమే ఉత్తుత్తి పైపులు పెట్టేవారు. ఆయన కూడా ఫోటో పెడితే చూస్తాను.

'కీబోర్డు ఉండగా ఇదంతా ఎందుకు' అని మీ కౌన్సిల్‌లో ఎవరైనా తప్పకుండా అంటారు. రెండో వాటికన్ మహాసభ 1963లో ఆమోదించిన ఆరాధన పత్రం 120వ పేరాలో పైప్ ఆర్గన్‌కి పెద్ద గౌరవం ఇచ్చింది, అదే పేరా స్థానిక వాయిద్యాలకూ తలుపు తీసింది. కాబట్టి హార్మోనియం, తబలా తీసేసి దీన్ని పెట్టాలని ఎవరూ వాదించకూడదు, నేనూ వాదించను. తెలుగు పాటల పూజకి హార్మోనియమే హాయి. పండగల్లో, అంత్యక్రియల్లో, క్వయర్ నాలుగు గొంతులతో పాడినప్పుడు ఆర్గన్ పని వేరు. కోల్‌కతా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో విల్లిస్ ఆర్గన్ ఉంది, చెన్నై సెయింట్ ఆండ్రూస్ కర్క్‌లోనూ పైప్ ఆర్గన్ ఉంది. ఈసారి అటు వెళ్ళినప్పుడు ఆదివారం ఉదయం వెళ్ళి వినండి. అక్కడ నిర్వహణకు ఏటా ఎంత అవుతుందో కూడా అడిగి రండి, కౌన్సిల్‌కి ఆ అంకె చాలా అవసరం.

ఇక మీరు బాబాయిగారి నుంచి తెప్పించాల్సినవి: ప్రతి స్టాపులో అతి పెద్ద పైపు మీది గీతలు, పైకొసలు, గాలిపెట్టె లోపలి భాగం, కీబోర్డు వెనక మీటలకు తగిలించిన పట్టీలు లేదా తీగలు, తిత్తి తోలు, పెడల్ బోర్డు, మోటారు మీది లేబుల్. పెడల్ దగ్గరున్న పెద్ద చెక్క పైపుల పొడవు కొలవమనండి. 16 అడుగుల స్వరమైనా పైన బిరడా ఉంటే పైపు 8 అడుగులే ఉంటుంది, మీ గ్యాలరీ సీలింగ్ ఎత్తు కూడా కొలిచి పెట్టండి. కీబోర్డు వెనక సన్న చెక్క పట్టీలు కనిపిస్తే నాకు ఫోన్ చేయండి, గుడికి వచ్చి చోటు చూస్తాను. గాలి గొట్టాలు, కరెంటు వైర్లు, అయస్కాంతాలు కనిపిస్తే బాబాయిగారికి థాంక్స్ చెప్పి ఆపేయమనండి.